వర్ణన వేరు, విధి వేరు

కంప్యూటరు బోర్డు మీద ఒక చిప్పుకు కరెంటు ఇవ్వడం ఇంట్లో దీపం మీట వేసినంత తేలిక అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది తాలింపు వేయడం లాంటి పని. నూనె కాగకముందే ఆవాలు వేస్తే అవి చిటపటలాడవు. ఇంగువ మరీ ముందుగా వేస్తే మాడిపోతుంది. దినుసులన్నీ మేలైనవే ఐనా వరుస తప్పితే పోపు చెడుతుంది. చిప్పుల దగ్గర చెడేది పోపుతో ఆగదు, ఒక్కోసారి చిప్పే పోతుంది.

ఈ వరుసను ఇంజినీర్లు పవర్ సీక్వెన్సింగ్ అంటారు. ఇక్కడ నేను కరెంటు క్రమం అంటాను. ఈ క్రమాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌కు ఎలా చెప్పాలి, ఎక్కడ రాసిపెట్టాలి అన్న ప్రశ్న మీద లైనక్సు కెర్నెల్ రాసేవాళ్ళు 2012 నుంచి 2024 దాకా విడతలు విడతలుగా తర్జనభర్జన పడ్డారు. దూరం నుంచి చూసేవారికి ఇదంతా కోడిగుడ్డు మీద ఈకలు పీకడంలా కనిపించవచ్చు. నాకు మాత్రం ఇది చాలా పాత ప్రశ్నకు కొత్త రూపంలా తోస్తుంది. ఒక వస్తువును వర్ణించడం ఎక్కడ ముగుస్తుంది, దానితో ఏం చెయ్యాలో ఆజ్ఞాపించడం ఎక్కడ మొదలవుతుంది? ఈ గీత చెరిగిపోతే ఎవరికి నష్టం? ఈ విషయంలో నాకొక స్థిరమైన అభిప్రాయం ఉంది. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందుగా, వరుస ఎందుకు కావాలో చూద్దాం. చిప్పుకు ప్రధాన సరఫరా రాకముందే దాని సంకేతాల కాళ్ళ మీదికి వోల్టేజీ వచ్చిందనుకోండి. ఆ కరెంటు, రక్షణ కోసం పెట్టిన డయోడ్ల గుండా దొంగదారిన లోపలికి పారుతుంది. చిప్పు సగం మెలకువగా, సగం నిద్రలో ఉంటుంది. ఖర్మ కాలితే లాచప్ అనే స్థితిలో ఇరుక్కుని వేడెక్కి కాలిపోతుంది. డీడీఆర్3 మెమరీ ఐతే, కరెంటు నిలకడగా వచ్చాక రీసెట్ తీగను కనీసం 200 మైక్రోసెకన్ల పాటు కిందికి లాగి ఉంచాలి. వదిలాక ఇంకో 500 మైక్రోసెకన్లు ఆగిన తరవాతే క్లాకును అనుమతించే తీగను పైకెత్తాలి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డుకు కరెంటు కుదురుకున్నాక కనీసం 100 మిల్లీసెకన్ల దాకా రీసెట్ వదలకూడదు. ఎల్‌సీడీ తెర సంగతి మరీ నాజూకు. ముందు దాని సర్క్యూటుకు సరఫరా ఇవ్వాలి, ఆపైన బొమ్మ తాలూకు సంకేతాలు పంపాలి, అవి నిలదొక్కుకున్నాకే వెనక దీపం వెలిగించాలి. ఆర్పేటప్పుడు సరిగ్గా దీనికి ఎదురు వరుస. దీపం తొందరపడితే తెర మీద ఒక్క క్షణం చెత్తంతా మెరుస్తుంది.

ఇవన్నీ చిప్పు తయారుచేసినవాడు డేటాషీట్‌లో రాసి ఇచ్చేవే. ఇందులో రహస్యమేమీ లేదు. ప్రశ్నల్లా ఒకటే: డేటాషీట్‌లో ఉన్న ఈ జ్ఞానం కెర్నెల్ దగ్గరికి ఏ దారిన రావాలి?

పీసీల లోకంలో కెర్నెల్ చాలా సంగతులు అడిగి తెలుసుకోగలదు. పీసీఐ బస్సు మీద ఉన్న కార్డును నువ్వెవరివి అని అడిగితే అది పేరు చెబుతుంది. ఫోన్లలో, చిన్న బోర్డులలో ఉండే చిప్పులలో చాలావాటికి నోరు లేదు. ఏ చిప్పు ఏ తీగకు వేలాడుతోందో ఎవరో ఒకరు చెబితే తప్ప కెర్నెల్‌కు తెలియదు. ఒకప్పుడు ఆర్మ్ బోర్డుల కోసం ఈ సమాచారాన్ని కెర్నెల్ లోపలే, బోర్డుకొక ఫైలు చొప్పున, సీ భాషలో రాసేవారు. ఆ ఫైళ్ళు గుట్టలుగా పెరిగాయి. 2011 మార్చిలో లైనస్ టోర్వాల్డ్స్ ఈ గుట్టను చూసి బహిరంగంగానే మండిపడ్డాడు. ఆ తరవాత ఆర్మ్ లోకం వేగంగా డివైస్ ట్రీ వైపు మళ్ళింది. 2012 డిసెంబరులో వచ్చిన లైనక్సు 3.7 నాటికి వేర్వేరు కంపెనీల ఆర్మ్ బోర్డుల మీద ఒకే కెర్నెల్ నడిచే వీలు కలగసాగింది.

డివైస్ ట్రీ అంటే బోర్డు గురించిన ఒక వంశవృక్షం అనుకోవచ్చు. ఫలానా చిరునామాలో ఫలానా చిప్పు ఉంది, దాని సరఫరా ఫలానా రెగ్యులేటరు నుంచి వస్తుంది, దాని రీసెట్ ఫలానా కాలికి కలిసి ఉంది, ఇంతే. ఇందులో నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగించే చారిత్రక విశేషం ఒకటుంది. ఈ చెట్టు పుట్టింది ఓపెన్ ఫర్మ్‌వేర్‌లో. 1994లో ఐట్రిపులీ 1275 ప్రమాణంగా వెలువడిన ఆ వ్యవస్థను సన్, ఆపిల్ కంపెనీల యంత్రాలు వాడేవి. ఆ మూల వృక్షంలో కొమ్మలకు లక్షణాలే కాదు, ఫోర్త్ భాషలో రాసిన చిన్న చిన్న ప్రోగ్రాములు కూడా వేలాడుతూ ఉండేవి. 2005 ప్రాంతంలో పవర్‌పీసీ లైనక్సు వాళ్ళు ఆ చెట్టును చదునుచేసి ఒక నిశ్చలమైన పట్టికగా మార్చినప్పుడు ప్రోగ్రాములు రాలిపోయి లక్షణాలు మాత్రమే మిగిలాయి. మనకు సంక్రమించింది ఆ చదునైన చెట్టు. అది మాట్లాడుతుంది గానీ ఏ పనీ చెయ్యదు.

చిక్కు ఇక్కడే వచ్చింది. పాత బోర్డు ఫైళ్ళలో సమాచారంతోపాటు చిన్న ఫంక్షన్లు కూడా ఉండేవి. తెర వెనక దీపం వెలిగించే ముందు ఈ రెగ్యులేటరు తెరువు, ఇంతసేపు ఆగు, ఆ తీగ ఎత్తు అని చెప్పే నాలుగైదు పంక్తులు. బోర్డు ఫైళ్ళు పోయి చెట్టు వచ్చాక లక్షణాలకు చోటు దొరికింది. ఆ నాలుగైదు పంక్తులు అనాథలయ్యాయి. చెట్టులో సీ ఫంక్షను పెట్టలేం కదా!

2012లో ఎన్విడియాలో పనిచేస్తున్న అలెగ్జాండర్ కూర్బో ఒక పరిష్కారం ప్రతిపాదించాడు. ఆ నాలుగు పంక్తులనూ చెట్టులోనే ఒక వరుసగా రాసేద్దాం, ఒక్కో మెట్టు ఒక్కో చిరుకొమ్మ. మొదటి మెట్టు రెగ్యులేటరు తెరవడం, రెండోది ఇన్ని మైక్రోసెకన్లు ఆగడం, మూడోది తీగ ఎత్తడం. కెర్నెల్ వాటిని చదువుతూ ఒక్కొక్కటే నడిపిస్తుంది. ఇది చాలా సార్లు సవరింపబడింది, చాలామంది చదివారు, చివరికి ప్రధాన కెర్నెల్‌లో చేరలేదు. 2016 ప్రాంతంలో యూఎస్‌బీ పరికరాల కోసం వేరొకరు వేరే రూపంలో తెచ్చిన కరెంటు క్రమం ప్రతిపాదన కూడా పలు సవరణలు దాటి, చేరకుండానే ఆగిపోయింది.

తిరస్కరించినవాళ్ళది ఛాందసం అన్నవారున్నారు. ఆచరణలో పనికొచ్చేదాన్ని సిద్ధాంతం కోసం కాలదన్నారని విసుక్కున్నవారున్నారు. నేను తిరస్కరించినవారి పక్షాన ఉన్నాను. ఎందుకో చెబుతాను.

ఈ తీగ ఆ కాలికి కలిసి ఉంది అన్న మాట నిజమో అబద్ధమో అయి తీరుతుంది. బోర్డు పటం ముందు పెట్టుకుని ఎవరైనా సరిచూడవచ్చు. కెర్నెల్ మారినా, కెర్నెలే లేకపోయినా, లైనక్సు బదులు మరో ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చినా ఆ మాట విలువ మారదు. ఈ తీగను ఎత్తి పది మిల్లీసెకన్లు ఆగు అన్న మాట అలాంటిది కాదు. అది నిజమూ కాదు, అబద్ధమూ కాదు. అది ఆజ్ఞ. దాన్ని పాటించేవాడు ఎవరో, ఏ స్థితిలో ఉన్నాడో, అప్పటికే ఏం చేసి ఉన్నాడో తెలిస్తే తప్ప అది సరైన ఆజ్ఞో కాదో తేల్చలేం. వర్ణనను వస్తువుతో పోల్చి పరీక్షించవచ్చు. ఆజ్ఞను నడిపి చూడాల్సిందే. అందులోనూ అది ఏ కెర్నెల్‌ను ఊహించి రాశారో ఆ కెర్నెల్ మీద నడిపి చూడాలి.

మన మీమాంసకులు ఈ భేదాన్ని సిద్ధం, సాధ్యం అన్న మాటలతో గుర్తించారు. ఉన్నది సిద్ధం, చెయ్యవలసింది సాధ్యం. అంతే కాదు, జైమిని సూత్రాలలో ఐదవ అధ్యాయం నడిచేది క్రమం గురించే. కర్మలో ఏది ముందు, ఏది తరవాత అని నిర్ణయించడానికి వారు ఆరు ఆధారాలు చెప్పారు: శ్రుతి, అర్థం, పాఠం, స్థానం, ముఖ్యం, ప్రవృత్తి. వరుసలో ముందున్నది వెనకదానికన్నా బలమైనది. అర్థం పాఠం కన్నా బలమైనదని చూపడానికి వారిచ్చే ఉదాహరణ ప్రసిద్ధమైనది. అగ్నిహోత్రం చెయ్యమన్న మాట ముందు వస్తుంది, గంజి వండమన్న మాట తరవాత వస్తుంది. ఐనా గంజి వండాకే హోమం. ఎందుకంటే హోమం చెయ్యవలసింది ఆ గంజితోనే! రాసిన వరుస కన్నా ప్రయోజనం నుంచి పుట్టే వరుసకే బలం.

కెర్నెల్ కూడా తనకు తెలియకుండానే ఇదే దారిన నడిచింది. చెట్టులో రెగ్యులేటరు కొమ్మ కింద రాసి, తెర కొమ్మ పైన రాసినంత మాత్రాన తెరకు ముందు కరెంటు రాదు. పాఠక్రమానికి అక్కడ విలువ లేదు. తెర డ్రైవరు మేలుకుని తన రెగ్యులేటరు ఇంకా సిద్ధంగా లేదని గమనిస్తే, మళ్ళీ వస్తానని చెప్పి వెనక్కి తగ్గే పద్ధతి 2012లో లైనక్సు 3.4తో వచ్చింది. తరవాతి కాలంలో, ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో చెట్టులోని లంకెలను బట్టి ముందే లెక్కగట్టి, ఆ వరుసనే డ్రైవర్లను లేపే ఏర్పాటు కూడా తోడైంది. ఇది అచ్చంగా అర్థక్రమం. ఎవరూ వరుస రాయలేదు. సంబంధాలు రాశారు, వరుస దానంతటదే పుట్టింది.

ఐతే అన్ని వరుసలూ ఇలా పుట్టవు. రీసెట్ వదిలి, పది మిల్లీసెకన్లు ఆగి, క్లాకు ఇచ్చి అన్నది సంబంధాల నుంచి ఊహించగలిగేది కాదు. స్పష్టంగా చెబితేనే తెలుస్తుంది. మీమాంసకులు దీన్ని శ్రుతిక్రమం అంటారు. వాళ్ళు కూడా చేసి అన్న అర్థమిచ్చే క్త్వా ప్రత్యయాన్నే దీనికి ప్రమాణంగా చూపుతారు. మన వ్యాకరణంలో ఆ క్రియారూపానికి క్త్వార్థకం అన్న పేరు అక్కడినుంచి వచ్చిందే. కరెంటు క్రమంలో ఈ శ్రుతి ఎక్కడుంది? డేటాషీట్‌లో ఉంది. డేటాషీట్ ఎవరిది? చిప్పుది, బోర్డుది కాదు. ఒకే తెరను పది కంపెనీలు పది బోర్డులకు తగిలిస్తే ఆ పది బోర్డుల చెట్లలోనూ అదే వరుస పదిసార్లు రాయడం ఎందుకు? చెట్టులో తెర పేరు రాస్తే చాలు. ఆ పేరుగల తెరను ఎలా మేల్కొలపాలో డ్రైవరుకు తెలిసి ఉండాలి.

ఆజ్ఞల వరుసను చెట్టులో రాయడంలో ఉన్న ఆచరణాత్మకమైన ఇబ్బందులు మరికొన్ని ఉన్నాయి. వెలిగించే వరుస రాసినంత మాత్రాన ఆర్పే వరుస దొరకదు, అది వేరే రాయాలి. నాలుగు మెట్లలో మూడోది విఫలమైతే ఎక్కడిదాకా వెనక్కి రావాలో వరుసకు తెలియదు. బోర్డు నిద్రలోకి జారి లేచినప్పుడు కొన్ని మెట్లు అప్పటికే ఎక్కి ఉండవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, సరఫరాను పంచుకునేవాళ్ళు. నా వరుసలో రెగ్యులేటరు మూసెయ్ అని ఉంది. అదే రెగ్యులేటరు మీద పక్క చిప్పు బతుకుతోంది. లైనక్సులో రెగ్యులేటర్ల వ్యవస్థ 2008లోనే వచ్చింది. ఎంతమంది వాడుతున్నారో అది లెక్కపెడుతుంది, చివరివాడు వదిలితేనే ఆర్పుతుంది. ఇలాంటి లోకజ్ఞానం కెర్నెల్‌కు ఉంటుంది గానీ, చెట్టులో శిలాశాసనంలా పడి ఉన్న వరుసకు ఉండదు.

నేను శిలాశాసనం అని ఊరికే అనలేదు. చెట్టులో ఒకసారి రాసి బోర్డుతో పంపించిన మాట, ఆ తరవాత వచ్చే ప్రతి కెర్నెల్‌కూ అర్థం కావలసిందే. పాత బోర్డు పాత చెట్టుతో కొత్త కెర్నెల్ మీద లేవాలన్నది ఆ లోకంలో ఒప్పందం. అంటే ఈ రోజు రాసిన ఆజ్ఞను పదేళ్ళ తరవాత కూడా ఎవరో ఒకరు పాటిస్తూ ఉండాలి. వర్ణన ఐతే ఈ భారాన్ని మొయ్యగలదు, ఎందుకంటే బోర్డు మీద తీగలు మారవు. ఆజ్ఞ మొయ్యలేదు, ఎందుకంటే పాటించేవాడు మారుతూ ఉంటాడు.

ఆజ్ఞల భాష అక్కడితో ఆగదు కూడా. మొదట తెరువు, ఆగు, ఎత్తు అనే మూడు మాటలే ఉంటాయి. కొన్నాళ్ళకు ఎవరికో సిద్ధమయ్యేదాకా చూస్తూ ఉండు అన్న మాట కావలసివస్తుంది. ఇంకొకరికి విఫలమైతే మూడుసార్లు ప్రయత్నించు అన్నది కావాలి. మరొకరికి చిప్పు రెండో సంచిక ఐతే ఇలా, మొదటిదైతే అలా అన్నది కావాలి. ఒంటెకు గుడారంలో తల దూర్చనిచ్చిన కథలాగా, చివరికి అదొక పూర్తి ప్రోగ్రామింగ్ భాష ఐ కూర్చుంటుంది. ఈ దారి చివర ఏముందో చూడడానికి మనం ఊహించనక్కరలేదు. ఏసీపీఐ అనే ఉదాహరణ కళ్ళముందే ఉంది.

1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ప్రకటించిన ఈ ప్రమాణం ప్రకారం, పీసీ తయారీదారు తన బోర్డు మీద పరికరాలను వెలిగించే, ఆర్పే పద్ధతులను ఒక ప్రత్యేక భాషలో ప్రోగ్రాములుగా రాసి ఫర్మ్‌వేర్‌లో పెడతాడు. కెర్నెల్ లోపల ఒక దుబాసీ కూర్చుని వాటిని నడిపిస్తాడు. మంచి ఆలోచనే. ఐతే ప్రోగ్రాము రాయగలిగినవాడు ప్రశ్న కూడా అడగగలడు. ఆ ప్రోగ్రాములు నువ్వు ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌వి అని అడగడం మొదలుపెట్టాయి. విండోస్ ఐతే ఒక దారి, కాకపోతే ఎవరూ పరీక్షించని మరో దారి. ఫలితం ఏమిటంటే, మీరు విండోస్ వాళ్ళా అని ఫర్మ్‌వేర్ అడిగితే లైనక్సు ఔనంటుంది. మీరు లైనక్సా అంటే మామూలుగా కాదంటుంది! అలా అబద్ధం చెబితేనే ఫర్మ్‌వేర్ తిన్నగా నడుస్తుంది. వర్ణనలో విధి చొరబడితే చివరికి చదువరి తన పేరే మార్చుకోవలసి వస్తుందన్న దానికి ఇంతకన్నా నిదర్శనం నాకు దొరకలేదు.

ఎదుటి పక్షం వాదనలో బలం లేదని నేను అనను. వారు అడిగేది ఇది. కొత్త లాప్‌టాప్ కొని రెండేళ్ళ పాత లైనక్సు వేసుకున్నా అది చాలావరకు నడుస్తుంది, ఏసీపీఐ పుణ్యమా అని. కొత్త తెర తగిలించిన ఆర్మ్ బోర్డుకు మాత్రం, ఆ తెర పేరు తెలిసిన కెర్నెల్ వచ్చేదాకా ఆగాలి. ప్రతి కొత్త తెరకూ కెర్నెల్‌లో ఒక పద్దు చేర్చడం ఏమిటి? నిజమే, లైనక్సులో మామూలు తెరలను నడిపే డ్రైవరు ఫైలు తెరిచి చూస్తే పెద్ద కరణంగారి దస్తరంలా ఉంటుంది. ఒక్కో తెరకూ ఒక్కో పద్దు. కొలతలు, సిద్ధం కావడానికి ఇన్ని మిల్లీసెకన్లు, వెలగడానికి ఇన్ని, ఆరడానికి ఇన్ని.

నాకు ఆ దస్తరం చూస్తే విసుగు రాదు, గౌరవం కలుగుతుంది. అక్కడ ప్రతి అంకె బహిరంగంగా ఉంది. తప్పుంటే ప్రపంచంలో ఎవరైనా ఒక్క సవరణ పంపవచ్చు, ఆ తెర తగిలించిన ప్రతి బోర్డుకూ ఆ సవరణ ఒకేసారి అందుతుంది. నేను కొన్న ఒక చవక బోర్డు సంగతి వేరు. దానితోపాటు తయారీదారు ఇచ్చిన సొంత కెర్నెల్‌లో తెరను మేల్కొలిపే ఆజ్ఞలన్నీ చెట్టులోనే, పొడవాటి అంకెల గొలుసుగా ఉన్నాయి. ఏ అంకె ఏం చేస్తుందో ఎక్కడా రాయలేదు. తెర మేలుకున్నప్పుడల్లా ఒక్కసారి తెల్లగా మెరుస్తుంది. దీపం తొందరపడుతోందని తెలుస్తూనే ఉంది. ఆ గొలుసులో ఏ అంకె ఆగమని చెబుతోందో, ఏది లేవమని చెబుతోందో తెలియనప్పుడు ఎక్కడ చెయ్యి పెట్టగలం? తయారీదారు తరవాతి బోర్డు అమ్ముకునే పనిలో పడ్డాడు. గొలుసు అలాగే ఉంది.

దస్తరం పెరుగుతోందన్న బాధకు విరుగుడు కూడా చెట్టులో ఆజ్ఞలు రాయకుండానే దొరికింది. లాప్‌టాప్ తెరలు తమ గుర్తింపును తమలోనే దాచుకుంటాయి. 2021లో లైనక్సులోకి వచ్చిన పద్ధతి ప్రకారం, చెట్టులో ఇక్కడొక తెర ఉంది అని మాత్రమే రాస్తారు. కెర్నెల్ ఆ తెరను ముందు అతి జాగ్రత్తగా, నిదానంగా లేపి, పేరు అడిగి తెలుసుకుని, ఆపైన దస్తరంలోని దాని పద్దు ప్రకారం నడుచుకుంటుంది. కొత్త ఊళ్ళో ఎవరి గుమ్మం ముందైనా నిలబడి మెల్లగా తలుపు తట్టి, మనిషెవరో తెలిశాక వరస కలిపి పిలవడం లాంటిదే ఇది.

ఇక 2024 సంగతి. ఒకే చిప్పులో వైఫై, బ్లూటూత్ రెండూ ఉండే క్వాల్‌కామ్ క్యూసీఏ6390 లాంటివి ఉన్నాయి. బ్లూటూత్ సీరియల్ తీగ మీద, వైఫై పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద మాట్లాడతాయి. రెండిటికీ సరఫరా ఒకటే. పైగా ఒకదాన్ని లేపాక రెండోదాన్ని లేపేముందు సుమారు 100 మిల్లీసెకన్లు ఆగాలి. బ్లూటూత్ డ్రైవరుకు వైఫై డ్రైవరు ఉనికే తెలియదు. అంతకన్నా పెద్ద చిక్కు ఏమంటే, పీసీఐ మీద పరికరం కనబడితేనే దాని డ్రైవరు లేస్తుంది, డ్రైవరు లేచి కరెంటు ఇస్తేనే పరికరం కనబడుతుంది. చెట్టు ముందా విత్తు ముందా అన్న తంతు! చెట్టులో ఆజ్ఞలు రాద్దామన్నవారికి ఇంతకన్నా మంచి అవకాశం రాదు.

ఐనా లైనక్సు ఆ దారి తొక్కలేదు. ఈ పని తలకెత్తుకున్న బార్తోష్ గొవషెవ్‌స్కీ రూపొందించిన ఏర్పాటు 2024 సెప్టెంబరులో విడుదలైన లైనక్సు 6.11లో చేరింది. అందులో నాకు నచ్చిన విషయం ఒకటుంది. ఆ చిప్పు లోపల, బయటి సరఫరాలు తీసుకుని వైఫైకీ బ్లూటూత్‌కీ పంచిపెట్టే ఒక విద్యుత్ విభాగం నిజంగానే ఉంది. చెట్టులో దాన్నే ఒక కొమ్మగా వర్ణించారు. దానిలోకి వచ్చే సరఫరాలేవి, అది ఇచ్చేవేవి అని మాత్రమే అక్కడ ఉంటుంది. వరుస, ఆ 100 మిల్లీసెకన్లు, ఎవరు ముందు లేచినా రెండోవారికి ఇబ్బంది లేకుండా చూడడం, ఇవన్నీ కెర్నెల్‌లో ఆ విభాగం డ్రైవరులో ఉన్నాయి. పీసీఐ చిక్కుకు కూడా, పరికరం కనబడకముందే చెట్టులోని వర్ణనను బట్టి దానికి కరెంటు ఇప్పించే చిన్న డ్రైవరొకటి తోడైంది.

దీనితో పోల్చి 2015లో చేరిన ఎమ్మెమ్సీ తాలూకు క్రమాన్ని చూడండి. అక్కడ చెట్టులో క్రమం పేరుతోనే ఒక కొమ్మ ఉంటుంది. పనిచేస్తుంది, ఎందరికో ఉపయోగపడింది. కానీ భూతద్దం పెట్టి బోర్డంతా వెతికినా క్రమం అన్న వస్తువు కనబడదు! 2015 కొమ్మకూ 2024 కొమ్మకూ ఉన్న తేడా నాకు చాలా పెద్దదిగా తోస్తుంది. ఒకటి మన అవసరానికి కల్పించిన పేరు, రెండోది వేలుపెట్టి చూపించగల వస్తువు.

ఇంతకీ నా తీర్పు ఇది. బోర్డు మీద వేలుపెట్టి చూపించగలిగింది చెట్టులో ఉండాలి. ఏ సరఫరా ఎవరిది, ఏ తీగ ఎక్కడికి, ఏ చిప్పు పేరేమిటి అన్నవి అక్కడివి. ఆ బోర్డుకే ప్రత్యేకమైన అంకెలు కూడా అక్కడే ఉండవచ్చు. ఉదాహరణకు ఒక రెగ్యులేటరు దగ్గర పెద్ద కెపాసిటరు పెట్టినందువల్ల వోల్టేజీ నిలదొక్కుకోవడానికి పట్టే సమయం. అది ఆజ్ఞలా కనిపిస్తుంది గానీ ఆజ్ఞ కాదు, ఆ బోర్డు లక్షణం. ఆసిలోస్కోపు పెట్టి కొలవవచ్చు. చిప్పుతో పాటు పుట్టిన వరుస, ఆగవలసిన సమయాలు, పొరపాటైతే వెనక్కి వచ్చే దారి, ఇవి ఆ చిప్పు డ్రైవరులో ఉండాలి. సంబంధాల నుంచి పుట్టే వరుసను ఎక్కడా రాయకూడదు, కెర్నెల్ దాన్ని లెక్కగట్టుకుంటుంది. ఏదైనా వాక్యాన్ని ఎక్కడ పెట్టాలో సందేహం వస్తే నేను వేసుకునే ప్రశ్న ఒకటే: దీన్ని చదివేవాడు ఎవరూ లేకపోయినా ఈ మాట నిజంగానే ఉంటుందా? ఉంటే చెట్టులోకి, లేకపోతే కెర్నెల్‌లోకి.

దీనికి మూల్యం ఉంది. కొత్త చిప్పు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కూర్చుని డేటాషీట్ చదివి డ్రైవరు రాయాలి, పదిమంది చేత తిట్లు తినాలి, మళ్ళీ రాయాలి. ఆ ఎవరో ఒకరిలో హైదరాబాదు చిప్పుల కంపెనీలలో రాత్రిళ్ళు కూర్చునే మనవాళ్ళు కూడా ఉన్నారు. ఉత్పత్తి గడువు తరుముకొస్తుంటే, చెట్టులో నాలుగు అంకెలు ఇరికించి పంపేద్దామన్న ఒత్తిడి ఎలా ఉంటుందో వాళ్ళకు తెలుసు. ఆ ఒత్తిడిని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ గడువు ముగిశాక బోర్డు మిగులుతుంది. దాన్ని కొన్నవాడు మిగులుతాడు. కంపెనీ మద్దతు ఆగిపోయిన తరవాత ఆ బోర్డును బతికించుకోవాలనుకునే కుర్రవాడికి చేతికందేది ఏమిటి? చదివి అర్థం చేసుకుని సరిదిద్దగలిగే డ్రైవరా, అర్థం తెలియని అంకెల గొలుసా? నా మటుకు నేను ఆ కుర్రవాడి పక్షమే.

వంటింటి మాటల్లో చెప్పాలంటే, దినుసుల డబ్బా మీద దినుసు పేరే రాద్దాం. వండే పద్ధతి వండేవారికి నేర్పుదాం. పద్ధతిని కూడా డబ్బా మీదే చెక్కేస్తే, రేపు పొయ్యి మారినప్పుడు ఆ డబ్బా ఎందుకూ కొరగాదు.

ఈ విషయంలో బోర్డులతో కుస్తీ పట్టిన మిత్రులకు నాకన్నా ఎక్కువ అనుభవం ఉండవచ్చు. ముఖ్యంగా, కొత్త హార్డ్‌వేరు పాత కెర్నెల్ మీద నడవాలన్న కోరికను ఈ విభజన చెడకుండా తీర్చే ఉపాయం ఎవరికైనా తట్టి ఉంటే వినాలని ఉంది. మీరేమంటారు?